బెజవాడని నిలబడి చూసే చోటుంది, గుంటూరుకి లేదు

మీరు ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది అన్నారు, సొంతూరు గుంటూరు అన్నారు. హైదరాబాద్, ముంబై, విశాఖ ఫొటోలు చూస్తే పేరు చదవకుండానే ఏ ఊరో తెలిసిపోతుందని, మన విజయవాడ, గుంటూరు ఫొటోల్లో మాత్రం ఎటు చూసినా ఒకే రకం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే ఉంటాయని రాశారు. అసలు మనకి స్కైలైన్ ఉందా, రెండు ఊళ్లూ పక్కపక్కనే ఉండి కూడా ఎందుకు వేరుగా ఉంటాయి, అమరావతి పూర్తయితే ఇదంతా మారుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఇల్లు కృష్ణలంకలో, ఆఫీసు బ్రాడీపేటలో. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ కృష్ణ దాటుతూ రెండు ఊళ్లలోనూ పునాదులు వేయిస్తున్నాను. నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు ఒకరోజు సాయంత్రం అయిదింటికి ప్రకాశం బ్యారేజీ దగ్గరికి, సీతానగరం వైపు రండి. ఒడ్డున నిలబడి ఉత్తరానికి చూడండి. బ్యారేజీ తిన్నగా వెళ్లి ఇంద్రకీలాద్రి పాదాల దగ్గర ఆగుతుంది. కొండ మీద అమ్మవారి గుడి. దాని వెనక గాంధీ కొండ, పైన స్తూపం. కుడికి వస్తే కృష్ణలంక ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి చూస్తున్నట్టు. ఆ ఇళ్ల వెనక, 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం, పీఠంతో కలిపి 206 అడుగులు. ఎడమకి చాలా దూరంలో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు. ఈ దృశ్యాన్ని ఇంకే ఊరిదో అని ఎవరైనా పొరబడతారా?

మీరు చూసిన ఫొటోలు బహుశా ఏ బెంజి సర్కిల్ దగ్గరో డ్రోన్‌తో తీసినవి అయ్యుంటాయి. పైనుంచి కిందికి చూస్తే మన ఊళ్లే కాదు, ఇండియాలో సగం ఊళ్లు ఒకేలా ఉంటాయి. స్కైలైన్ అంటే నేల మీద నిలబడ్డ మనిషికి కనిపించే అంచు. దానికి ఎత్తైన బిల్డింగులకంటే ముందు ఎదురుగా కొంత ఖాళీ కావాలి. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అంత మేర నీళ్లు, మధ్యలో అడ్డం ఏమీ లేదు. 1957లో దాన్ని పూర్తి చేసినవాళ్లు సాగునీటి కోసం కట్టారు గానీ, బెజవాడని కాస్త దూరం నుంచి చూసుకునే చోటు కూడా దాంతోనే మనకి దొరికింది.

మిగతా ఊళ్లూ ఇంతే. ముంబైకి మెరైన్ డ్రైవ్ వంపు ఉంది కాబట్టి ఆ మేడల వరస ఫొటోలో పడుతుంది. విశాఖకి సముద్రం, దాని పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నాయి. అక్కడ బిల్డింగులు లేకపోయినా ఊరి గీత మారదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ వైపు పెద్ద టవర్లు ఎప్పుడో వచ్చాయి, కానీ 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచాకే అందరూ అక్కడ నిలబడి ఫొటోలు తీసుకోవడం మొదలైంది. అంతకుముందు ఆ టవర్లని ట్రాఫిక్‌లో కారు అద్దం లోంచి చూడాల్సిందే.

ఇప్పుడు గుంటూరు. నది లేదు, ఊరి మధ్యలో కొండ లేదు, చదునైన నేల. కొండవీడు కొండలున్నది ఊరికి దూరంగా, పడమట. శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కితే ఇటు అరండల్‌పేట, అటు పెద్దాసుపత్రి వైపు కొంచెం కనిపించేది. అంతకుమించి ఊరిని బయటి నుంచి చూసే చోటు లేదు. అందుకని గుంటూరుకి ముఖం లేదని అనుకోకండి. దాని ముఖం నేల మీద ఉంది. బ్రాడీపేటలో అడ్రసు ఎలా చెబుతాం? ఫోర్ బై ఫోర్టీన్. నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు. నేల చదునుగా ఉంది కాబట్టి దొరల కాలంలో లైన్లు గీసి పేట వేయగలిగారు. ఇవాళ కొత్తగా వచ్చినవాడు కూడా ఎవరినీ అడక్కుండా ఇల్లు పట్టుకోగలడు. అదే బెజవాడలో అడ్రసు అడిగితే కొండో, కాలవో, సెంటరో చెబుతారు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, ఈ మూడూ ఊరిని కోస్తాయి. రోడ్లు వాటి పక్కనే వంకర తిరుగుతాయి. బెజవాడలో తల పైకెత్తి దారి తెలుసుకుంటాం, గుంటూరులో లైన్లు లెక్కపెట్టుకుంటాం. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లే, కానీ తిరిగే పద్ధతే వేరు.

ఇక ఎత్తు సంగతి. మన దగ్గర ముప్పై అంతస్తులు ఎందుకు లేవంటే చాలామంది "డబ్బు లేదు" అనేస్తారు. అది నిజం కాదు. ముందు మట్టి గురించి చెప్పుకోవాలి.

హైదరాబాద్ కింద గ్రానైటు. చాలా చోట్ల కొంచెం తవ్వితే రాయి తగులుతుంది, దాని మీద నేరుగా కూర్చోబెట్టొచ్చు. బెజవాడలో నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. కృష్ణలంక అనే పేరులోనే లంక ఉంది. కాస్త లోతుకెళ్తే నీళ్లు ఊరతాయి. కాబట్టి పెద్ద బిల్డింగ్ అంటే పైల్స్, అంటే లోతుకి దిగే పునాది స్తంభాలు, దించాల్సిందే. గుంటూరు చుట్టుపక్కల ఎక్కువగా నల్లరేగడి. పత్తికీ మిర్చికీ బంగారం లాంటి నేల, బిల్డింగుకి మాత్రం టెన్షన్. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. నేను పనిలోకి వచ్చిన కొత్తలో గుంటూరు ఊరి చివర ఒక కాలనీలో మూడంతస్తుల ఇల్లు డిజైన్ చేశాను. సాయిల్ టెస్ట్ చేయించమంటే ఓనరు ఖర్చెందుకన్నాడు, మేస్త్రి "పక్కింటికి ఇంతే లోతు వేశాం సార్" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. రెండో వేసవికి గోడల మీద మెట్లు మెట్లుగా పగుళ్లు వచ్చాయి. ఆ ఇంటి ఇల్లాలు నన్ను పిలిచి, పగులులో వేలు పెట్టి చూపించారు. ఆ రోజు నుంచి రిపోర్ట్ చేతికి రాకుండా నేను డ్రాయింగు మీద పెన్ను పెట్టలేదు. నల్లరేగడిలో అడుగున గంటలాగా వెడల్పు చేసే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తాం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్లు అభివృద్ధి చేసి మనకందరికీ నేర్పిన పద్ధతి అది. మీ కాలేజీలో ఒక్క క్లాసులో దాటేసి ఉంటారు, మీరు మాత్రం బాగా చదవండి.

మట్టి తరవాత గాలి. బిల్డింగ్ డిజైన్లకి వాడే ఇండియన్ కోడ్‌లో గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడకి 50 మీటర్లు. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. లెక్క కడితే మన దగ్గర గోడ మీద పడే తోపు దాదాపు 30 శాతం ఎక్కువ. తుపానుల తీరం మనది. ఇన్నేళ్లుగా మేం డిజైన్లకి వాడిన భూకంప మ్యాపులో కూడా హైదరాబాద్ రెండో జోన్, మనం మూడో జోన్. అంటే ఒకే ఎత్తు బిల్డింగుకి ఇక్కడ స్టీలు ఎక్కువ, పునాది ఖర్చు ఎక్కువ.

అయితే మట్టి ఒక్కటే ఊరిని పొట్టిగా ఉంచదు. ముంబైలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద కూడా ఆకాశాన్నంటే మేడలు కట్టారు. స్థలం ఖరీదు అలాంటిది. 1982 సమ్మె తరవాత ఒక్కొక్కటిగా మూతపడ్డ బట్టల మిల్లుల స్థలాల్లోనే ఇవాళ పరేల్ టవర్లు లేచాయి. పెద్ద స్థలం ఒక్క చేతిలో ఉంటేనే ఎత్తైన కట్టడం వస్తుంది. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. మన ఊళ్ల రూపానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతాను.

లబ్బీపేట గానీ, సత్యనారాయణపురం గానీ, గుంటూరు లక్ష్మీపురం గానీ తీసుకోండి. మూడొందల గజాలు, ఐదొందల గజాలు. తాతగారు పొలం మీద వచ్చిన డబ్బుతో పిల్లల చదువుల కోసం ఊళ్లోకి వచ్చి కొన్న స్థలం. అందులో ఒక పెంకుటిల్లు, ముందు కొబ్బరిచెట్టు. తరవాత డాబా. తరవాత అన్నదమ్ములు మాట్లాడుకుని బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇస్తారు, సగం మాకు, సగం నీకు అని. ఆ స్థలంలో స్టిల్టు (కింద పార్కింగుకి వదిలే ఖాళీ అంతస్తు) మీద ఐదంతస్తులు కడితే ఇద్దరు కొడుకులకీ, కూతురికీ తలా ఒక ఫ్లాటు వచ్చి, బిల్డరుకీ నాలుగు డబ్బులు మిగులుతాయి. అంతకన్నా ఎత్తు వెళ్లాలంటే రోడ్డు వెడల్పు చాలదు. చాలా ఏళ్ల పాటు మన రూల్స్‌లో 18 మీటర్లు దాటితే హైరైజ్ లెక్క కట్టేవాళ్లు. చుట్టూ ఎక్కువ ఖాళీ వదలాల్సి వచ్చేది, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) తెచ్చుకోవాల్సి వచ్చేది. మూడొందల గజాల్లో అంత వదిలితే ఇల్లు మిగలదు. అందుకే అందరూ ఆ గీత కిందే ఆగారు. రెండు ఊళ్లని ఒకేలా చేసిన కత్తెర ఇదే. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కూడా 1910 చట్టం రోడ్డు వెడల్పుని బట్టే ఎత్తుని కట్టడి చేసింది, అందుకే ఆ ఊరు ఇవాళ్టికీ పొట్టిగా ఉంటుంది. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. కోకాపేట వైపు యాభై అంతస్తులు దాటినవి రావడానికి ఆ నిర్ణయం పెద్ద కారణం, అక్కడ ఎకరాల లెక్కన స్థలాలు దొరకడం ఇంకో కారణం.

ఒకేలా ఉన్న ఐదంతస్తుల్లో కూడా మన ప్రాంతం సంతకం ఉంది, చూడటం తెలిస్తే. ఏదైనా డాబా ఎక్కి చుట్టూ చూడండి. నీళ్ల ట్యాంకులు దాదాపు అన్నీ నైరుతి మూలే ఉంటాయి. నైరుతి బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అని వాస్తు. బోరు, సంపు ఈశాన్యంలో, మెట్ల గది ఈశాన్యం తప్పించి. ప్రతి ఇల్లూ ఇదే పాటించేసరికి వీధంతా ఒకే వైపుకి ఎత్తుగా వాలినట్టు ఉంటుంది. నేను ఎన్ని ప్లాన్లు గీసినా ట్యాంకు ఎక్కడ పెట్టాలని నన్నెవరూ అడగలేదు, అది ముందే రాసుంటుంది. ఇంకొకటి, ఇండివిడ్యువల్ ఇళ్ల మీద కాలమ్స్‌లోంచి పైకి వదిలేసిన ఊచలు. తుప్పు పట్టి, కొన్నిటికి ఖాళీ సీసాలు తొడిగి. వాటిని చూసి మీ ప్రొఫెసర్లు అసహ్యంగా ఉన్నాయంటారేమో. నాకు మాత్రం అవి చిన్నోడి పెళ్లయ్యాక వేయబోయే అంతస్తులా కనిపిస్తాయి. ఆ ఇంటివాళ్లు రాబోయే ఇరవై ఏళ్లని ఊచల రూపంలో ఆకాశంలోకి చాపి ఉంచారు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా ఊరి అంచు మీద కనిపిస్తుంది. 1855లో పాత ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో వరి పండింది. ఆ మిగులు బెజవాడలో వ్యాపారంగా, సినిమా హాళ్లుగా, తరవాత ఆసుపత్రులుగా, కాలేజీలుగా మారింది. పోరంకి, కానూరు వైపు వెళ్తే ఒకే కొలత కిటికీలు, ప్రతి కిటికీకీ గ్రిల్లు ఉన్న హాస్టల్ బ్లాకులు కనిపిస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే వాటి లైట్లు వెలుగుతాయి. గుంటూరులో ఆ డబ్బు పొగాకుదీ, మిర్చిదీ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. ఊరి చుట్టూ రోడ్ల పక్కన కిటికీలే లేని పెద్ద పెట్టెల్లాంటి కోల్డ్ స్టోరేజీలు చూసుంటారు. వాటి నిండా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. మిర్చి యార్డులో సీజన్ నడిచేటప్పుడు ఘాటు రోడ్డు మీదికి వస్తుంది. నన్నడిగితే గుంటూరు అంచుల్లో అన్నిటికంటే నిజాయితీ గల కట్టడాలు అవే. లోపల ఏముందో బయటికి అదే చెబుతాయి. మీ థీసిస్‌కి వాటి ఎలివేషన్లు గీయండి, ఎవరూ గీయరు.

బెజవాడ కొండల మీది ఇళ్ల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. వన్ టౌన్ వెనక, మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, గుణదల, ఎటు చూసినా కొండవాలు మీద ఇళ్లే. కింద స్థలం కొనలేనివాళ్లు పైకి ఎక్కారు. రాయి చెక్కి, మట్టి సర్ది, సిమెంటు బస్తా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి కట్టుకున్న ఇళ్లు. ఇంజనీరు ఎవరూ లేరు. రాత్రి ఏలూరు రోడ్డు నుంచి చూస్తే ఆ లైట్లు కొండని దీపాల దండలా చేస్తాయి. అందరూ అందంగా ఉందంటారు, నిజంగానే అందంగా ఉంటుంది. కానీ 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి, మనుషులు చనిపోయారు. ఆ మర్నాడే బుడమేరు వాగు పల్లంలో ఉన్న సింగ్ నగర్‌ని ముంచింది. కొండ మీద ఉన్నవాళ్లకీ, పల్లంలో ఉన్నవాళ్లకీ ఒకే వానలో దెబ్బ తగిలింది. ఆ నెల నేను మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడలు చూడటానికి కొన్ని మెట్ల వీధులు ఎక్కాను. వాన నీరు పోవడానికి దారి లేకుండా గోడలు కట్టేశారు. గోడ వెనక నీరు నిలిస్తే మట్టి బరువుకి నీటి బరువు తోడవుతుంది, గోడ తట్టుకోదు. గోడలో వీప్ హోల్స్, అంటే నీరు బయటికి కారే రంధ్రాలు, పెట్టడం ఎంత ఖర్చు? నాలుగు పైపు ముక్కలు. స్కైలైన్ గురించి మాట్లాడేవాళ్లం ఆ పైపు ముక్కల గురించి కూడా మాట్లాడాలి. ఆ దీపాల కింద మనుషులు పడుకుంటున్నారు.

రెండు ఊళ్ల మధ్యలో మంగళగిరి ఉంది. నరసింహస్వామి గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1807-09 మధ్య కట్టించారు. లిఫ్టు లేదు, క్రేను లేదు. దాని అడుగు వెడల్పు 49 అడుగులే, అంటే వెడల్పుకి మూడు రెట్లు ఎత్తు. అంత సన్నగా, అంత ఎత్తు, రెండు వందల ఏళ్లుగా తుపానులకి నిలబడింది. మద్రాసులో 1959లో ఎల్ఐసీ బిల్డింగ్ లేచినప్పుడు జనం దాన్ని చూడటానికే ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లని మా నాన్న చెప్పేవారు. మంగళగిరి వాళ్లకి అలాంటి అనుభవం దానికి నూట యాభై ఏళ్ల ముందే ఉంది.

మీ మూడో ప్రశ్న, అమరావతి. లండన్ ఆర్కిటెక్చర్ సంస్థ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ డిజైన్‌లో అసెంబ్లీ మీద 250 మీటర్ల శిఖరం ఉంది, హైకోర్టు రూపానికి స్తూపాలు ప్రేరణ. సచివాలయం టవర్లకి రాఫ్ట్ పునాదులు (బిల్డింగ్ కింద అంతా పరిచే ఒకే మందపాటి కాంక్రీటు పలక) పోశాక పని ఆగిపోయి ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నాయి, 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి పరీక్షించారు. 2025 మే నెలలో పనులు మళ్లీ మొదలయ్యాయి. అది పూర్తయితే దక్షిణపు ఒడ్డున ఒక కొత్త గీత వస్తుంది, అది ఖాయం. నది ఉంది కాబట్టి చూడటానికి చోటు కూడా ఉంటుంది. నాకు సంతోషమే. కానీ అది బెజవాడని మార్చదు, గుంటూరుని అసలే మార్చదు. ఆ మూడొందల గజాల స్థలాలు, అన్నదమ్ముల వాటాలు అలాగే ఉంటాయి.

నన్ను భయపెట్టేది వేరే ఉంది. హోర్డింగులూ, పెద్ద రోడ్ల మీద కొత్తగా లేస్తున్న బ్లాకులూ కలిసి ఇంద్రకీలాద్రిని కొంచెం కొంచెంగా మింగేస్తున్నాయి. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కనిపించకుండా పోతుందని 1937లోనే చుట్టూ ఎత్తుల మీద కట్టడి పెట్టుకున్నారు. కెనడాలో వాంకూవర్ వాళ్లు ఊళ్లోంచి కొండలు కనిపించాలని 1989లో చూపు దారులు గీసుకుని, ఆ దారుల్లో ఎత్తు కట్టకుండా ఆపారు. మనకీ అలాంటి మ్యాపు కావాలి. ఏయే సెంటర్ల నుంచి ఇవాళ కొండ కనిపిస్తోందో ముందు ఎవరైనా రాసి పెట్టాలి కదా. అది నాలాంటి వాడికంటే మీలాంటి విద్యార్థులకి బాగా కుదిరే పని. నలుగురు స్నేహితులు, ఒక స్కూటర్, నాలుగు ఆదివారాలు చాలు. బందరు రోడ్డు ఒకరు, ఏలూరు రోడ్డు ఒకరు పంచుకోండి. మనిషి కంటి ఎత్తులో, అయిదడుగుల దగ్గర ఫొటో తీయండి, డ్రోన్ వద్దు.

మా కృష్ణలంక డాబా మీద నుంచి 1998లో కొండ మొత్తం కనిపించేది. దసరా పది రోజులూ మా అమ్మ అక్కడే కుర్చీ వేసుకుని గుడి లైట్లు చూస్తూ దణ్ణం పెట్టుకునేది. ఇప్పుడు రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోంచి నాలుగు వేళ్ల వెడల్పు మాత్రం కనిపిస్తుంది. వచ్చే నెల సెలవుల్లో మీకు వీలైతే మా ఇంటికి రండి, మ్యాపులో మొదటి చుక్క మా డాబా మీద పెడదాం.